వార్సిటీలో చోటు రాలేదని స్కూలు మార్చకండి

ప్రశ్న: మేము డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. మా అబ్బాయి పదో తరగతి. స్కూలు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో వైడ్ రిసీవర్, అంటే ముందుకు పరిగెత్తి, విసిరిన బంతిని అందుకునేవాడు. ఈ ఏడాది కూడా స్కూలు ప్రధాన జట్టయిన వార్సిటీకి తీసుకోకుండా, దాని కింది జట్టయిన జేవీలోనే ఉంచారు. మా వీధిలోనే ఉండే వాడి ఈడు పిల్లాడికి అప్పుడే ఒక కాలేజీ నుంచి ఆట కోసం చేరమని ఆఫర్ వచ్చింది. మావాడు ఎన్ఎఫ్ఎల్ (అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) తప్ప ఇంకో మాట వినడు. ప్రైవేట్ ట్రైనర్‌ని పెట్టి వేరే స్కూలుకు మార్చాలా? లేక ఆట మాన్పించి కంప్యూటర్ సైన్స్ వైపు తిప్పాలా? రెండు దారులూ పోల్చి చెప్పగలరు. – ఒక తండ్రి

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నాకు తరచుగా వస్తుంటాయి. ఒకరిది టెన్నిస్, ఒకరిది చెస్, మీది ఫుట్‌బాల్. అన్నింటిలోనూ ఉండే భయం ఒక్కటే: మావాడు వెనకబడిపోతున్నాడేమో అని. ముందు ఆ భయం గురించే మాట్లాడతాను. పదో తరగతి కుర్రాడు జేవీలో ఉంటే వెనకబడ్డట్టు కాదు. అక్కడ ప్రతి వారం మ్యాచ్ ఆడతాడు, బంతి చేతికి వస్తుంది, తప్పులు చేసి దిద్దుకుంటాడు. వార్సిటీ జెర్సీ వేసుకుని బెంచీ మీద కూర్చుంటే అవేవీ ఉండవు.

మీవాడు కలలు కంటున్న ఎన్ఎఫ్ఎల్‌లోనే కుర్రాళ్లను ఎలా తయారు చేస్తారో చూడండి. జట్లు ఏటా వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకోవడాన్ని డ్రాఫ్ట్ అంటారు. 2005 డ్రాఫ్ట్‌లో గ్రీన్ బే ప్యాకర్స్ జట్టు క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) ఆరన్ రాడ్జర్స్‌ను మొదటి రౌండ్‌లో, 24వ ఎంపికగా తీసుకుంది. అంతటివాడు కూడా అప్పటి క్వార్టర్‌బ్యాక్ బ్రెట్ ఫార్వ్ వెనక మూడేళ్లు ఆగాడు. 2020లో అదే జట్టు మరో క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ లవ్‌ను 26వ ఎంపికగా తీసుకుంటే అభిమానులు మండిపడ్డారు. అతనూ మూడేళ్లు ఆగాడు. 2023లో అతనికి పగ్గాలు ఇచ్చినప్పుడు బంతి అందుకోవాల్సిన రిసీవర్లు చాలావరకు మొదటి, రెండో ఏడాది కుర్రాళ్లే. మొదటి ఏడు మ్యాచ్‌లలో గెలిచినవి రెండే. అయినా కోచ్ మాట్ లఫ్లూర్ వాళ్లనే నమ్ముకున్నాడు. 2024 జనవరిలో మీ పక్కనే ఆర్లింగ్టన్‌లో డాలస్ కౌబాయ్స్ జట్టును 48-32తో ఓడించింది ఆ కుర్రాళ్లే. 1970లో ఏఎఫ్ఎల్, ఎన్ఎఫ్ఎల్ అనే రెండు లీగులు కలిశాక ప్లేఆఫ్ (సీజన్ చివరి నాకౌట్) మ్యాచ్ గెలిచిన జట్లలో వయసులో అతి చిన్నది అదే. ఆ మ్యాచ్ మీ ఇంట్లో చూసే ఉంటారు.

ఆ మూడేళ్లూ లవ్ ఊరికే కూర్చోలేదు. వెనక వరసలో ఉన్నవాళ్లకు పని ఎక్కువే. వారమంతా ఎదుటి జట్టు ఆటను అనుకరిస్తూ సొంత జట్టును సిద్ధం చేయాలి. వీడియో గదిలో గంటల కొద్దీ కూర్చోవాలి, ప్లేబుక్, అంటే జట్టు ఎత్తుగడల పుస్తకం, నోటికి రావాలి. ప్రతి జట్టుకూ 53 మంది అసలు ఆటగాళ్లు కాక 16 మంది దాకా ప్రాక్టీస్ స్క్వాడ్ ఉంటుంది. మామూలుగా మ్యాచ్ రోజు వాళ్లకు జెర్సీ కూడా ఉండదు. ఏ వారం పిలుపు వస్తుందో తెలియదు, వచ్చిన రోజున మాత్రం సిద్ధంగా ఉండాలి.

అందరూ ఇంత ఓపిక పట్టరు, దానికి కారణం డబ్బే. డ్రాఫ్ట్‌లో వచ్చినవాడి మొదటి కాంట్రాక్టు నాలుగేళ్లు, ధర ముందే ఖరారు. చవకగా ఉన్న ఆ నాలుగేళ్లలోనే ఫలితం పిండుకోవాలని జట్లు తొందరపడతాయి. నేర్పడానికి టైమ్ కూడా తగ్గింది. 2011లో లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ కుదిరిన ఒప్పందం తర్వాత సీజన్ మొత్తంలో ప్యాడ్లు కట్టుకుని చేసే ప్రాక్టీసులు 14కు మించకూడదు. 2023లో మొట్టమొదటి ఎంపిక అయిన క్వార్టర్‌బ్యాక్ బ్రైస్ యంగ్‌ను వెంటనే ఆడించారు. రెండో సీజన్‌లో రెండు మ్యాచ్‌లకే బెంచీ మీద కూర్చోబెట్టారు. కాస్త ఊపిరి తీసుకుని తిరిగి వచ్చాక అతని ఆట మెరుగుపడింది. అదే 2023 డ్రాఫ్ట్‌లో వచ్చిన క్వార్టర్‌బ్యాక్ సీజే స్ట్రౌడ్ మొదటి సీజన్‌లోనే అదరగొట్టాడు. అందరికీ ఒకే కొలత ఉండదు. ఎవరి ఎదుగుదల వాళ్లదే అని మన ఇళ్లలో ఒప్పుకోవడానికి ఎందుకో ఇంత కష్టం. ఎంసెట్ కోసం పిల్లల్ని ఒక ఏడాది లాంగ్‌టర్మ్‌లో కూర్చోబెట్టినవాళ్లమే, జేవీలో ఒక ఏడాది అనగానే ఇంత కంగారు పడుతున్నాం.

ఇక ప్రైవేట్ ట్రైనర్ సంగతి. ఈ ఫ్యాషన్ మీద నాకు చాలా అనుమానాలున్నాయి. వారాంతం ఏడుగురేసి ఆడే సెవెన్ ఆన్ సెవెన్ టోర్నమెంట్లు, నెల ఫీజులు, రిక్రూటింగ్ ప్యాకేజీలు, పేరు పక్కన ఎన్ని స్టార్లు పడ్డాయన్న లెక్కలు. సెవెన్ ఆన్ సెవెన్‌లో ముందు వరసలో ఢీకొనే లైన్‌మెన్ ఉండరు, ప్యాడ్లు ఉండవు, ట్యాక్లింగ్ ఉండదు. అక్కడ రిసీవర్ మెరిసిపోతాడు. కానీ రన్నింగ్ ఆటలో బ్లాక్ చేయగలడా, మధ్యలో దెబ్బ తగులుతుందని తెలిసీ బంతి పట్టుకోగలడా అన్నవి అక్కడ తేలవు. కాలేజీ కోచ్‌లు చూసేది అసలు మ్యాచ్‌ల వీడియో. కాలేజీ క్యాంపు నుంచి ఆహ్వానం వచ్చిందంటే పిలిచి స్కాలర్‌షిప్ ఇస్తారని కాదు. అలాంటి మెయిళ్లు చాలావరకు వందల మందికి ఒకేసారి వెళ్తాయి. ట్రైనర్లలో మంచివాళ్లు లేరని అనను. అయితే స్కూలు కోచ్ నేర్పిందానికి విరుద్ధంగా ఇంకొకరు నేర్పితే నలిగిపోయేది పిల్లవాడే. అదే కాలాన్ని నిద్రకు, తిండికి, బరువుల గదికి ఇస్తే ఆ వయసులో ఎక్కువ లాభం.

అయ్యా, కోపం తెచ్చుకోకండి, ఒక మాట గట్టిగా చెప్పాలి. మీ ఉత్తరంలో మీ వీధి కుర్రాడి ఆఫర్ ఉంది. మీవాడికి ఆటలో ఏది బాగా వచ్చు, ఏది రాదు అన్నది ఒక్క వాక్యం లేదు. కోచ్‌తో మాట్లాడారా లేదా అన్నదీ లేదు. ఇంట్లో ఈ పోలిక పెట్టడం ఇవాళే ఆపండి. వాడు రోజూ ఉదయం ప్రాక్టీసుకు లేచి వెళ్తున్నాడంటే, అందులో మీరు మెచ్చుకోవాల్సింది చాలా ఉంది. స్కూలు మార్పు మాట కూడా వదిలేయండి. టెక్సస్‌లో స్కూలు పోటీలు నడిపే యూఐఎల్ సంస్థ నిబంధన ప్రకారం ఆట కోసమే స్కూలు మారినట్టు తేలితే కనీసం ఏడాది పాటు వార్సిటీ ఆడనివ్వరు. ఏ చోటు కోసం మారుతున్నారో అదే పోతుంది.

మీరు అడిగిన పోలిక విషయానికొస్తే, అమెరికాలో హైస్కూలు ఫుట్‌బాల్ ఆడేవాళ్లు దాదాపు పది లక్షల మంది. ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్‌లో ఏటా పేరు వచ్చేది సుమారు 250 మందికి. ఈ అంకె వాడికి దాచకుండా చెప్పండి, ఎగతాళిగా మాత్రం చెప్పకండి. అయితే చదువా, ఆటా అని ఇప్పుడే తేల్చాల్సిన అవసరం లేదు. జాన్ అర్షెల్ ఎన్ఎఫ్ఎల్ జట్టు బాల్టిమోర్ రావెన్స్‌కు ఆడుతూనే ఎంఐటీలో గణితంలో పీహెచ్‌డీ మొదలుపెట్టాడు. హార్వర్డ్ లాంటి ఐవీ లీగ్ కాలేజీలు, కాలేజీ క్రీడల్లో మూడో స్థాయి అయిన డివిజన్ 3 కాలేజీలు ఆట పేరుతో స్కాలర్‌షిప్ ఇవ్వవు. కానీ కోచ్ కోరుకున్న విద్యార్థికి అడ్మిషన్‌లో అది బాగా కలిసొస్తుంది. కంప్యూటర్ సైన్స్ అక్కడా ఉంది. టెక్సస్‌లో ఫెయిలైతే మైదానంలోకే రానివ్వరు కాబట్టి, చదువు పట్టాలు తప్పకుండా చూసుకోవడంలో ఆట మీకు సాయమే చేస్తుంది.

మీరు నిజంగా ఆలోచించాల్సింది తల దెబ్బల గురించి, దాని మాటే మీరు ఎత్తలేదు. ఇదే అర్షెల్ 26 ఏళ్లకే ఆట వదిలేశాడు. చనిపోయిన మాజీ ఎన్ఎఫ్ఎల్ ఆటగాళ్లలో 111 మంది మెదళ్లను పరీక్షిస్తే 110 మందిలో పదేపదే తల దెబ్బలతో వచ్చే సీటీఈ అనే మెదడు జబ్బు కనిపించిందన్న అధ్యయనం వచ్చిన రెండు రోజులకే ఆ ప్రకటన చేశాడు. అవి ఎక్కువగా లక్షణాలు గమనించిన కుటుంబాలు ఇచ్చిన మెదళ్లు కాబట్టి ఆడిన ప్రతివాడికీ అదే గతి అనుకోకూడదు. అలాగని కొట్టిపారేయనూ కూడదు. తలకు దెబ్బ తగిలితే దాచకుండా చెప్పాలని, చెప్పినందుకు ఇంట్లో ఎవరూ తిట్టరని వాడికి మాట ఇవ్వండి. డాక్టర్ సరే అనేదాకా మైదానం వైపు పంపకండి.

సీజన్ అయ్యాక కోచ్‌ని ఒక పావుగంట అడగండి. 'వార్సిటీకి ఎందుకు తీసుకోలేదు' అని కాకుండా, 'వచ్చే ఆగస్టు క్యాంపులోపు నేనేం నేర్చుకోవాలి' అని మీ అబ్బాయినే అడగనివ్వండి. మీరు పక్కన ఉంటే చాలు. కోచ్ చెప్పింది వాడే రాసుకుంటాడు.