పటంలో అడవి, కొండ మీద పోడు

పర్లాకిమిడి,

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

పాత విమాన ఫొటోల నుంచి గీసిన పటాన్నీ, కొత్త పటాన్నీ పోల్చి చూశావు. కచ్చితత్వం 98.8 శాతం వచ్చిందని సంబరంగా రాశావు. ఆ అంకె చూసి నాకు టెన్షన్ పట్టుకుంది తల్లీ.

నీ లెక్కే మళ్ళీ వేద్దాం. మొత్తం 50,000 హెక్టార్లలో 500 హెక్టార్ల అడవి పోడుగా, అంటే చెట్లు కొట్టి కాల్చి చేసే కొండసాగుగా, మారిందని నీ పటం అంటోంది. పటం మారిందన్న చోట నేల మీద 50 పాయింట్లు చూస్తే 40 నిజమని తేలాయి. మారని చోట 100 చూస్తే ఒక్కటే తప్పింది. కానీ ఆ ఒక్క తప్పు 49,500 హెక్టార్లకు ప్రతినిధి. నూటికి ఒకటి చొప్పున 495 హెక్టార్ల పోడు పటానికి అందలేదన్నమాట. మారినచోట నిజమైన 400 కలిపితే 895! పటం చెప్పినదానికి దాదాపు రెట్టింపు. పైగా ఇంత బరువు ఒక్క పాయింటు మీద మోపకూడదు. మారని అడవిలో, ముఖ్యంగా పోడు అంచుల్లో, ఇంకా చాలా పాయింట్లు చూడు. పటం పోడు అన్నదాంట్లో నిజంగా పోడెంత, నేల మీదున్న పోడులో పటం పట్టుకున్నదెంత, ఈ రెండూ విడివిడిగా రాయి.

మన కొండల్లో ఇంకో చిక్కుంది. 6,000 మీటర్ల ఎత్తు నుంచి తీసిన ఫొటోలో, మధ్య నుంచి 80 మిల్లీమీటర్ల దూరంలో 300 మీటర్ల కొండ ఉంటే, దాని శిఖరం 4 మిల్లీమీటర్లు బయటికి జరిగి పడుతుంది. 1:40,000 స్కేలులో అది 160 మీటర్లు. దాన్ని సరిదిద్దకుండా రెండు పటాలూ ఒకదానిమీద ఒకటి పెడితే, వాలు పొడవునా లేని మార్పు చారలుగా కనబడుతుంది.

గుమ్మ కొండల్లో ఒకసారి 'దట్టమైన అడవి' అని నేనే రాసిన చోటికి నడిచి వెళ్ళాను. కాలితో మట్టి కదిపితే బొగ్గు ముక్కలు బయటపడ్డాయి. మోళ్ళ చుట్టూ గుత్తులుగా చిగుళ్ళు, మధ్యలో నరక్కుండా వదిలిన ఇప్పచెట్టు. అది తన తండ్రి చోళ్ళు, కందులు వేసిన పోడని ఒక సవర తాత చెప్పాడు. బీడు వదిలిన పోడు పైనుంచి అడవిలాగే ఉంటుంది. అటవీ హక్కుల చట్టానికి 2005 డిసెంబరు 13 గడువు తేదీ. ఆనాటికి సాగులో ఉన్నామని నిరూపించుకోవాల్సిన కుటుంబానికి నా గీత ఎంత అన్యాయం చేసి ఉండేదో! ఉపగ్రహ చిత్రాలు మిగతా సాక్ష్యాలకు తోడే కానీ వాటికి బదులు కావని 2012 సవరణ నియమాలు చెబుతున్నాయి. నీ నివేదికలో ఆ మాట తప్పకుండా రాయి.

పటం గీసినవాళ్ళు తనిఖీకి వద్దు. వెళ్ళేవాళ్ళకి పటంలో ఏం రాసుందో ముందే చెప్పకు. పోడు కొట్టింది ఏ సంవత్సరం అని ఊళ్ళో అడిగితే తడుముకుంటారు. తిత్లీ తుఫానుకి ముందా తర్వాతా అంటే ఠక్కున చెబుతారు. 2018లో ఆ వానకి విరిగిపడిన కొండచరియల మచ్చల్ని కూడా పోడని గీశారేమో చూడు.

సంక్రాంతికి వచ్చినప్పుడు నా స్టీరియోస్కోపు పట్టుకెళ్ళు. జత ఫొటోలు దాని కింద పెడితే చెట్ల ఎత్తు తెలుస్తుంది. రెండేళ్ళ తుప్పకీ ముప్పయ్యేళ్ళ అడవికీ తేడా అక్కడే దొరుకుతుంది.

మీ మామయ్య