నల్ల కారుకు క్విక్ డిటైలర్: మెరుపు కన్నా ముందు జారుడు చూడండి

మీ కొత్త నల్ల కారును వారానికోసారి కడుగుతున్నానని రాశారు. మధ్యలో పడే దుమ్మును క్విక్ డిటైలర్ స్ప్రేతో (కడగకుండానే పిచికారీ చేసి గుడ్డతో తుడిచే ద్రవం) రోజూ తుడవవచ్చా, తుడిస్తే గీతలు పడతాయా, పడకూడదంటే ఏది కొనాలి అని అడిగారు. నలుపు, ముదురు నీలం కార్లను చాలా ఏళ్లుగా నా చేతులతోనే చూసుకుంటున్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. అసలు విషయం ముందే చెబుతాను. రోజూ తుడవకండి. కొనేటప్పుడు సీసా మీద రాసిన మెరుపును చూసి కొనకండి, ఆ ద్రవం మీద గుడ్డ ఎంత తేలికగా జారుతుందో చూసి కొనండి.

గీత ఎలా పడుతుందో తెలిస్తే మిగతా సలహాలు వాటంతట అవే అర్థమవుతాయి. కారు రంగు మీద క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పొర ఉంటుంది. దాని మందం సాధారణంగా 40 మైక్రాన్ల చుట్టుపక్కల ఉంటుంది, అంటే తల వెంట్రుక కన్నా పలుచన. దుమ్ములోని ఇసుక రేణువు గుడ్డకూ ఈ పొరకూ మధ్య చిక్కి, మన చేతి ఒత్తిడికి ఈడ్చుకుపోతే సన్నని గీత మిగులుతుంది. అలాంటివి వేలకొద్దీ చేరాక ఎండలోనో, దీపం కిందో సాలెగూడులా బయటపడతాయి. గుండ్రంగా తుడవడం వల్లే గుండ్రటి గీతలు వస్తాయని చాలామంది నమ్ముతారు. నిజానికి గీతలు అన్ని దిక్కులకూ ఉంటాయి. దీపం వెలుగుకు అడ్డంగా ఉన్నవి మాత్రమే మెరుస్తాయి కాబట్టి కంటికి వలయాల్లా కనిపిస్తాయి. తెలుపు, వెండి రంగు కార్ల మీద కూడా ఇవన్నీ ఉంటాయి, అక్కడ కంటికి ఆనవు. నలుపు దేన్నీ దాచదు.

ఇక సీసాలో ఏముంటుందో చూద్దాం. అందులో ఎక్కువ భాగం నీరే. మురికిని పట్టి పైకి తేల్చే సర్ఫాక్టెంట్లు, జారుడునూ నిగారింపునూ ఇచ్చే పాలిమర్లు కొద్ది మోతాదులో ఉంటాయి. ఈ పాలిమర్లు చాలావరకు సిలికాన్ జాతివి. కొన్నింటిలో కార్నూబా అనే తాటిజాతి చెట్టు ఆకుల మైనం ఉంటుంది, ఈమధ్య వస్తున్నవాటిలో సిలికా కలుపుతున్నారు. త్వరగా ఆరడానికి ఆల్కహాల్ కలిపే రకాలూ ఉన్నాయి. ఇన్నింటిలో పెయింటును కాపాడేది ఆ జారుడే. తుడిచేటప్పుడు రేణువుకూ క్లియర్ కోట్‌కూ మధ్య అది పలుచటి పొరగా నిలబడుతుంది. తుడిచాక కనిపించే మెరుపు ఏ సీసాలోనైనా దాదాపు వస్తుంది. శుభ్రమైన, నునుపైన పెయింటు దానంతట అదే మెరుస్తుంది. స్ప్రే దానికి చేర్చేది కొంచెమే, ఆ కొంచెమూ కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది.

అందుకే ముందు దుమ్మును అంచనా వేయడం నేర్చుకోవాలి. ఎవరైనా బానెట్ మీద వేలితో పేరు రాస్తే అక్షరాలు స్పష్టంగా కనిపించేంత దుమ్ము ఉందా? అయితే స్ప్రే సీసా జోలికి వెళ్లకండి (వేలితో రాసి మాత్రం చూడకండి, ఆ రాతే గీతలవుతుంది). కప్పు కింద రాత్రంతా నిలిపిన కారు మీద చేరే మెత్తటి ధూళి, వేలిముద్రలు, చిన్న చిన్న నీటి మరకలు, ఇప్పుడే పడిన రెట్ట వంటివి క్విక్ డిటైలర్ పని. ఎండిన బురద, సిమెంటు దుమ్ము, వాన తర్వాత రోడ్డు నుంచి ఎగిరి అంటుకున్న మురికి దాని పని కాదు. తలుపుల కింది సగం, చక్రాల వెనక భాగం, వెనక బంపర్ చూడటానికి శుభ్రంగా ఉన్నా సరే, కడగకుండా నేను ముట్టుకోను. గరుకైన ఇసుక అంతా అక్కడే చేరుతుంది.

రోజూ ఎందుకు వద్దంటున్నానంటే, మామూలు పొడి దుమ్ము ఊరికే కూర్చుని ఉన్నంతసేపూ పెయింటుకు దాదాపు ఏమీ చేయదు. గీత పడేది తుడిచినప్పుడే. ఎంత జాగ్రత్తగా చేసినా ప్రతిసారీ గీత పడే అవకాశం కొంత ఉంటుంది, దాన్ని రోజూ ఎందుకు ఇవ్వాలి? వారం మధ్యలో మనసు ఒప్పుకోకపోతే ఒకసారి తుడవండి. దుమ్ము ఎక్కువగా ఉండి నీళ్లు పోసి కడిగే వీలు లేకపోతే రిన్స్‌లెస్ వాష్ అనే రకం చూడండి. ఆప్టిమమ్ నో రిన్స్ దీనికి బాగా పేరున్న ఉదాహరణ. ఒక వంతు ద్రవానికి 256 వంతుల నీరు కలిపి, బకెట్టులో గుడ్డలు నానబెట్టి తుడుస్తారు, తర్వాత నీళ్లు పోయనక్కర్లేదు. అదే ద్రవాన్ని ఒకటికి పదహారు పాళ్లలో చిక్కగా కలిపి స్ప్రే సీసాలో పోసుకుంటే క్విక్ డిటైలర్‌గా పనికొస్తుంది. వాటర్‌లెస్ వాష్ అని విడిగా అమ్మేవాటిలో (బకెట్టు లేకుండా నేరుగా పిచికారీ చేసి తుడిచేవి) జారుడూ మురికిని వదిలించే గుణమూ మామూలు క్విక్ డిటైలర్ కన్నా ఎక్కువ ఉంటాయి, కానీ గట్టి మురికి మీద వాటినీ నేను నమ్మను.

ఏది కొనాలన్నది మీ పెయింటు మీద ఇప్పటికే ఏముందో దాన్ని బట్టి తేల్చుకోవాలి. ఏ పూతా లేని పెయింటు, లేదా మామూలు వ్యాక్స్ వేసిన పెయింటు అయితే సాదా రకమే మంచిది. మెగ్వయర్స్ క్విక్ డిటైలర్ లాంటివి ఈ కోవకు చెందుతాయి. అదే సంస్థ డిటైలింగ్ చేసేవాళ్ల కోసం పెద్ద డబ్బాల్లో తెచ్చే లాస్ట్ టచ్‌ను సమానంగా నీళ్లు కలిపి కూడా వాడుకోవచ్చు. నీటిని గుండ్రటి బిందువులుగా నిలబెడుతుందని ప్రచారం చేసే రకాలు నిజానికి పెయింటు మీద రక్షణ పొరగా నిలిచే స్ప్రే సీలెంట్‌కు దగ్గర. రక్షణ కొన్నాళ్లు ఎక్కువ నిలుస్తుంది. అయితే నేను వాడి చూసిన అలాంటి కొన్నింటిలో తుడిచే సమయంలో జారుడు తక్కువ, నల్ల రంగు మీద కాస్త ఎక్కువ పడితే చారలు కడతాయి. వాటిని కడిగి ఆరబెట్టిన కారు మీదే వాడతాను, దుమ్ము తీయడానికి కాదు. మీరు అడిగిన పనికి అవి మొదటి ఎంపిక కాకూడదు.

సిరామిక్ కోటింగ్ (క్లియర్ కోట్ మీద అంటుకుని గట్టిపడే రక్షణ పూత) ఉంటే మైనం ఉన్న స్ప్రేలు వద్దు. అవి కోటింగ్‌కు హాని చేయవు, కానీ దాని మీద మరో పొరగా కూర్చుని నీటిని వదిలించే గుణాన్ని మరుగుపరుస్తాయి. సిలికా ఉన్నవి గానీ, ఏమీ మిగల్చకుండా ఆరే సాదా రకాలు గానీ తీసుకోండి. మ్యాట్ (మెరుపు లేని) పెయింటు కార్లకు మ్యాట్ కోసమే చేసినవి తప్ప మరేవీ వాడకూడదు, నిగారింపునిచ్చే పదార్థాలు అక్కడక్కడా మెరిసే మచ్చలు మిగిలిస్తాయి. మరమ్మతు తర్వాత కొత్తగా రంగు వేయించిన భాగం ఉంటే, ఆ పెయింటు పూర్తిగా గట్టిపడేదాకా మైనం, సీలెంట్ ఉన్నవి ఆపండి. ఎన్నాళ్లో రంగు వేసినవారినే అడగండి. 30 నుంచి 90 రోజులు ఆగమని చెప్పడం మామూలే.

జారుడును ఇంట్లోనే పరీక్షించవచ్చు. కడిగి ఆరబెట్టిన బానెట్‌ను మాస్కింగ్ టేపుతో రెండు భాగాలు చేయండి. ఒక్కో వైపు ఒక్కో ద్రవాన్ని సమానంగా పిచికారీ చేసి, మడిచిన గుడ్డను దాని మీద ఊరికే పెట్టి, అంచు పట్టుకుని నెమ్మదిగా లాగండి. చెయ్యి ఆనించకుండా దాని బరువు మీదే అది సాఫీగా వస్తే మంచి గుర్తు. పట్టుకుని, ఆగి ఆగి వస్తే ఆ ద్రవం దుమ్ము తీయడానికి తగదు. మర్నాడు మళ్లీ చూడండి. ఏ వైపు చారలు తేలాయో, ఏ వైపు దుమ్ము ఎక్కువ పట్టిందో మీ కళ్లకే తెలుస్తుంది. నేను ఇలా పోల్చి చూసినప్పుడు సువాసనకూ రంగుకూ పనితనానికీ ఏ సంబంధమూ కనిపించలేదు.

వాడే పద్ధతికి వద్దాం. నీడ ఉండాలి, ప్యానెల్ చల్లగా ఉండాలి. అరచేతి వెనక వైపు ఆనిస్తే వెచ్చగా తగిలినా ఆగండి. వేడి లోహం మీద నీరు వెంటనే ఆరిపోతుంది, జారుడు పోతుంది, మిగిలిన పాలిమర్ చారలుగా అంటుకుంటుంది. సీసాను బాగా కుదపండి, లోపలి పదార్థాలు నిలవలో విడిపోతాయి. తలుపులో సగమంత జాగా తీసుకుని రెండు మూడు సార్లు పిచికారీ చేయండి, గుడ్డ మీద కూడా ఒకసారి. పొడి గుడ్డతో మొదలుపెట్టకూడదు. కొన్ని క్షణాలు ఆగితే ద్రవం దుమ్ములోకి ఇంకుతుంది. అప్పుడు గుడ్డను నొక్కకుండా, ఒకే దిశలో, నేరుగా ఒక్కసారి తీసుకెళ్లండి. వెనక్కీ ముందుకీ రుద్దవద్దు. నేరుగా ఎందుకంటే, ఎంత జాగ్రత్తపడ్డా ఒక గీత పడితే అది ఒక కోణం నుంచే కనిపిస్తుంది. ఆ మొదటి స్పర్శలోనే దుమ్మంతా గుడ్డలోకి వచ్చేస్తుంది కాబట్టి వెంటనే గుడ్డను తిప్పాలి. నాలుగు మడతలు పెడితే ఎనిమిది ముఖాలు దొరుకుతాయి, ఒక్కో భాగానికి ఒక్కో ముఖం. వెనకాలే రెండో పొడి గుడ్డతో మెల్లగా తుడిస్తే తడి పోయి నిగారింపు తేలుతుంది. పైకప్పు, అద్దాల చుట్టూ ఉన్న భాగాలు, బానెట్ తర్వాతే పక్కలకు రండి, ఎప్పుడూ పై నుంచి కిందికే.

చారలు వస్తే మరింత స్ప్రే కొట్టకండి. చాలాసార్లు ఎక్కువ కొట్టడమే కారణం. గుడ్డ తడిసి ముద్దయినా, గాలిలో తేమ ఎక్కువున్నా అలాగే అవుతుంది. నీటితో తడిపి గట్టిగా పిండిన శుభ్రమైన గుడ్డతో ఒకసారి, పొడిదానితో మరోసారి తుడిస్తే పోతాయి.

ఈ స్ప్రే నాకు అన్నిటికన్నా ఉపయోగపడేది మాత్రం దుమ్ము తుడవడానికి కాదు, కడిగిన తర్వాత ఆరబెట్టడానికి. కారు ఇంకా తడిగా ఉండగానే ఒక్కో ప్యానెల్ మీద పలుచగా పిచికారీ చేసి తువ్వాలుతో నీటిని తీస్తే తువ్వాలు సాఫీగా జారుతుంది. ఒకవేళ కడగడంలో వదలని రేణువు ఉన్నా నష్టం తక్కువ. నీటిలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే బిందువులు ఆరిన చోట తెల్లటి వలయాలు మిగులుతాయి కదా, తువ్వాలు వెంట నీరు పూర్తిగా వచ్చేస్తే అవి ఏర్పడటమూ తగ్గుతుంది. వారానికోసారి కడిగే అలవాటు మీకు ఉంది కాబట్టి దీన్ని దానిలోనే కలుపుకోండి. మధ్యలో తుడవాలన్న అవసరం చాలావరకు తీరిపోతుంది. అప్పటికే ఎండి గట్టిపడిన పాత నీటి మరకలను మాత్రం ఏ క్విక్ డిటైలరూ తీయలేదు.

రెట్ట సంగతి వేరు, అక్కడ ఆలస్యం పనికిరాదు. అందులో యూరిక్ ఆమ్లం ఉంటుంది. ఎండ వేడికి క్లియర్ కోట్ మెత్తబడుతుంది, రెట్ట ఎండి బిగుసుకుంటుంది, ఆ చోట పెయింటు మీద గుర్తు నిలిచిపోతుంది. గుడ్డను స్ప్రేతో బాగా తడిపి రెట్ట మీద పరిచి కొన్ని నిమిషాలు వదిలేయండి. మెత్తబడ్డాక నొక్కి రుద్దకుండా పైకి ఎత్తి తీయండి. అందులో గింజలూ ఇసుకా ఉంటాయి, రుద్దితే అవే గీస్తాయి. ఈ ఒక్క పని కోసమే చిన్న సీసా, రెండు గుడ్డలు కారులో ఉంచుకోవడం మంచిది. ఎండలో నిలిపిన కారులో మాత్రం రోజుల తరబడి వదిలేయకండి, వేడికి ద్రవం చెడిపోతుంది.

క్లే బార్ (పెయింటులో అతుక్కుపోయిన మురికిని లాగే బంకమట్టి లాంటి ముద్ద) వాడేటప్పుడు జారుడు కోసం ఇదే స్ప్రే పనికొస్తుంది, సాదా రకమైతే చాలు. సిరామిక్ కోటింగ్ వేయించే ముందు మాత్రం వాడకండి, మిగిలిపోయే పాలిమర్ కోటింగ్‌ను పెయింటుకు సరిగా అంటనివ్వదు. ముందు అద్దం మీద పడితే వైపర్ తిరిగినప్పుడు మసకబారుతుంది, రాత్రి ప్రయాణంలో అది ప్రమాదం. బ్రేకు డిస్కులు, టైర్లు, పెడళ్లు, స్టీరింగ్ దరిదాపుల్లో పిచికారీ చేయనే కూడదు.

గుడ్డకు ఇచ్చే శ్రద్ధ సీసాకు ఇచ్చినదానికన్నా ఎక్కువ ఉండాలి. మంచి జారుడున్న ద్రవాన్ని కూడా గరుకు గుడ్డ పాడుచేస్తుంది. 80 పాళ్లు పాలియెస్టర్, 20 పాళ్లు పాలీఅమైడ్ ఉన్న మైక్రోఫైబర్, 350 జీఎస్ఎమ్ (చదరపు మీటరు గుడ్డ బరువు గ్రాముల్లో) లేదా ఆపై మందం, అంచులు కుట్టు లేకుండానో మెత్తటి కుట్టుతోనో ఉన్నది తీసుకోండి. మీద ఉన్న చీటీని కత్తిరించేయండి. నూలు బట్టలతో కలిపి ఉతకకండి, పీచు అంటుకుంటుంది. ఫాబ్రిక్ సాఫ్టెనర్ అసలు వద్దు, అది నారల మీద పూతగా పేరుకుని పీల్చుకునే గుణాన్ని చంపేస్తుంది. ఎక్కువ వేడిలో ఆరబెట్టినా నారలు కరిగి గట్టిపడతాయి. నేల మీద పడిన గుడ్డను ఆ రోజుకు పెయింటు మీద వాడకండి, దులిపినా సరే. చక్రాలకు వాడే గుడ్డల రంగు వేరుగా ఉంటే కలగాపులగం కాకుండా ఉంటాయి.

మీకైతే నా సలహా ఇది: సాదా క్విక్ డిటైలర్ చిన్న సీసా ఒకటి, ఒకే రకం మైక్రోఫైబర్ గుడ్డలు ఆరు. ముందుగా కడిగిన కారును ఆరబెట్టడంలో వాడి చూడండి, చెయ్యి అలవాటు పడ్డాకే దుమ్ము మీదికి వెళ్లండి. కొన్నప్పుడే షోరూములో ఏదైనా కోటింగ్ వేశారా అన్నది మీరు రాయలేదు. వేసి ఉంటే దాని పేరు, వేసిన నెల చెప్పండి, దానికి సరిపడే రకం ఏదో చూసి రాస్తాను.