మీ ప్రశ్న – మా జవాబు: మొదటి క్యాంపర్ ప్రయాణానికి ఏం సర్దుకోవాలి?

ఈసారి ప్రశ్నలన్నీ క్యాంపర్ వ్యాన్ల, అంటే లోపలే వండుకుని పడుకునే వీలున్న బళ్ళ గురించే. విశాఖ నుంచి అరకు, లంబసింగి వైపు మొదటిసారి వెళ్ళేవారిని దృష్టిలో పెట్టుకుని జవాబులిస్తున్నాం.

ప్రశ్న: డిసెంబరులో అద్దె క్యాంపర్‌లో అరకు వెళ్ళి రెండు రాత్రులు ఉండాలనుకుంటున్నాం. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు. ఎవరిని అడిగినా చాంతాడంత జాబితా చెబుతున్నారు. తప్పనిసరిగా కావలసినవి ఏవి?
– ఒక పాఠకురాలు, మధురవాడ

జవాబు: ముందు నీళ్ళ లెక్క తేల్చుకోండి. తాగడానికి, వంటకి కలిపి మనిషికి రోజుకి 5 లీటర్లు. అంటే మీ నలుగురికి రోజుకో 20 లీటర్ల క్యాన్. గిన్నెలకి, చేతులూ మొహాలూ కడుక్కోవడానికి మరో 20. రెండు రాత్రులకీ మొత్తం ఇక్కడినుంచే మోసుకెళ్తే 80 కిలోలకి పైగా బరువు. ఎస్.కోట దాటాక అనంతగిరి ఘాట్‌లో ఎక్కేటప్పుడు ఇంజనుకీ, దిగేటప్పుడు బ్రేకులకీ భారమయ్యేది ఇదే. అందుకని తాగునీళ్ళు రెండు క్యాన్లు మాత్రం ఇంటినుంచి పట్టుకెళ్ళండి. వాడుక నీళ్ళు పైకి చేరాక నింపుకోవచ్చు. వ్యాను నిలిపే చోట కుళాయి ఉందో లేదో బుక్ చేసేటప్పుడే అడగండి. 10 మీటర్ల పైపు, దాన్ని కుళాయి మూతికి బిగించే క్లిప్పు వెంట ఉండాలి. పైపు ఉండి క్లిప్పు లేక బకెట్లతో మోసే అవస్థ చాలామందికి ఎదురవుతుంది.

తర్వాతది పడక. డిసెంబరు రాత్రుల్లో అరకులో ఉష్ణోగ్రత 10 డిగ్రీల కిందికి దిగుతుంది. అందరూ పైన కప్పుకునే రగ్గుల గురించే ఆలోచిస్తారు గానీ, చలి ఎక్కువగా కిందనుంచి వస్తుంది. వ్యాను అడుగు రేకు చల్లబడితే, పల్చని పరుపు మన బరువుకి అణిగిపోయి ఆ చలిని ఆపలేదు. పరుపు కింద ఒక ఫోమ్ చాప వేయండి. మనిషికో రగ్గు, పిల్లలకి సాక్సు, మంకీ టోపీ చాలు. అద్దాలన్నీ బిగించి పడుకోవద్దు. నలుగురి ఊపిరిలోని తేమ రేకుకి పట్టి తెల్లారేసరికి పక్కబట్టల మీద కారుతుంది. ఎదురెదురు కిటికీలు రెండు వేళ్ళ సందు తెరిచి, వాటికి దోమల జాలీ కట్టండి.

మిగతావి చిన్నవే. మనిషికో తలకి పెట్టుకునే లైటు తీసుకోండి, రాత్రి రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. ఘాట్ మలుపుల్లో పిల్లలకి వాంతులవుతాయి కాబట్టి డాక్టరు చెప్పిన మోతాదులో వాంతుల మాత్ర కొండ ఎక్కడానికి ముందే వేయండి. ఓఆర్ఎస్ పొట్లాలు, జ్వరం మాత్రలు ఉంచుకోండి. బొగ్గుల గ్రిల్లు, గాజు ప్లేట్లు, పెద్ద మడత బల్ల ఇంట్లోనే వదిలేయండి.

బయల్దేరే ముందు వారం ఒక రాత్రి మీ ఇంటి దగ్గరే వ్యానులో పడుకోవడం అన్నిటికన్నా మంచి పని. వంట, పడక, దీపం అన్నీ వ్యాను సామానుతోనే కానివ్వండి, ఇంట్లోంచి ఏదీ తెచ్చుకోవద్దు. ఏది చాలలేదో, ఏది ముట్టుకోనేలేదో అప్పుడే తెలిసిపోతుంది.

ప్రశ్న: వ్యానులో 12 వోల్టుల, 100 ఆంపియర్-అవర్ బ్యాటరీ ఉంది. చిన్న ఫ్రిజ్, ఇండక్షన్ పొయ్యి నడుస్తాయా?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: ఇండక్షన్ పొయ్యి నడవదు. 1800 వాట్ల పొయ్యి 12 వోల్టుల బ్యాటరీ నుంచి 150 ఆంపియర్లకి పైగా లాగుతుంది. అంత కరెంటుకి వైర్లు వేడెక్కుతాయి, ఇన్వర్టరు ఆగిపోతుంది. ఎలక్ట్రిక్ కెటిలుదీ దాదాపు ఇదే సంగతి.

ఫ్రిజ్ సంగతి బ్యాటరీ రకాన్ని బట్టి ఉంటుంది. 12ని 100తో గుణిస్తే 1200 వాట్-అవర్లు. లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే అందులో సగమే, అంటే 600 మాత్రమే వాడాలి. అంతకు మించితే బ్యాటరీ త్వరగా పాడవుతుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకమైతే సుమారు 1000 వాడుకోవచ్చు. ఇక రోజుకి ఖర్చయ్యే వాట్-అవర్లు: ఎల్ఈడీ లైట్లకి 60, రాత్రంతా చిన్న ఫ్యానుకి 160, ఫోన్లకి 60. ఫ్రిజ్ 45 వాట్లది అయితే, మధ్యమధ్య ఆగుతూ నడిచినా రోజుకి 400 పైచిలుకు. మొత్తం దాదాపు 700. లిథియానికి పర్వాలేదు, లెడ్ యాసిడ్‌కి ఒక్క రోజుకే చాలదు. డిసెంబరు కొండల్లో ఫ్యాను అక్కర్లేదు, అప్పుడు కూడా ఒక రోజే గట్టెక్కుతుంది. 100 వాట్ల సోలార్ పలక మంచి ఎండలో రోజుకి 300–400 ఇస్తుంది. చెట్టు నీడలో వ్యాను నిలిపితే అందులో చాలా భాగం పోతుంది.

రెండు రాత్రులకి ఫ్రిజ్ లేకపోయినా ఇబ్బంది లేదని మా అభిప్రాయం. మంచి ఐస్ పెట్టెలో ముందురోజు గడ్డకట్టించిన నీళ్ళ సీసాలు పెడితే పాలు, కూరలు మర్నాటి దాకా నిలుస్తాయి. ఆ మంచు కరిగాక తాగొచ్చు కూడా.

ప్రశ్న: వంటకి 5 కిలోల సిలిండరు తీసుకెళ్ళాలా, చిన్న గ్యాస్ డబ్బాలు చాలా? లంబసింగిలో చలికి లోపల కుంపటి పెట్టుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, సీతమ్మధార

జవాబు: కుంపటి పెట్టొద్దు. ఆర్పిన నిప్పుల కుంపటి కూడా లోపలికి తేవద్దు. మూసిన వ్యానులో బొగ్గునుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కిటికీ కాస్త తెరిచినా భరోసా లేదు. గ్యాస్ పొయ్యి వెలిగించి వెచ్చదనం తెచ్చుకోవడం కూడా ఇంతే ప్రమాదం. వేడినీళ్ళు నింపిన రబ్బరు సంచిని గుడ్డలో చుట్టి పక్కలో పెట్టుకోండి. బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి కొనండి. అది జాబితాలో ఉండి తీరాలి.

ఇంటి పొయ్యి పెద్ద బర్నరు గంటకి సుమారు 190 గ్రాముల గ్యాస్ తాగుతుంది. రెండు రోజుల్లో నాలుగు గంటలు వెలిగించినా సుమారు ముప్పావు కిలోనే అవుతుంది. కాబట్టి 5 కిలోల సిలిండరు ధారాళం. 220 గ్రాముల డబ్బాలు తేలిక, కానీ ఒక్కోటి గంటంబావు కన్నా రాదు. పైగా వాటిలో ఉండేది ఎక్కువగా బ్యూటేన్, సున్నా డిగ్రీల దగ్గర అది ఆవిరవడం మానేస్తుంది. లంబసింగి తెల్లవారుజామున టీ పెట్టబోతే మంట నీరసంగా రావడానికి కారణం ఇదే. డబ్బాని కాసేపు గోరువెచ్చని నీళ్ళలో నిలబెట్టండి, మంట దగ్గరికి మాత్రం తీసుకెళ్ళొద్దు.

సిలిండరు ఎప్పుడూ నిలువుగానే కట్టాలి. పడుకోబెడితే ద్రవగ్యాసు రెగ్యులేటరులోకి వస్తుంది. బండి కదిలేముందు వాల్వు కట్టేయండి. రెగ్యులేటరు బిగించాక సబ్బునీళ్ళు పూసి బుడగలొస్తున్నాయేమో చూడండి. ఎల్పీజీ గాలికన్నా బరువు కాబట్టి లీకైతే అడుగున చేరుతుంది. సిలిండరు అరకి కిందివైపు బయటికి పోయే కన్నం ఉందో లేదో వ్యాను తీసుకునేటప్పుడే చూడండి. వాసనొస్తే స్విచ్చు వేయడం, తీయడం రెండూ వద్దు. వాల్వు కట్టి, తలుపులు తెరిచి, అందరినీ దించండి. 2 కిలోల పొడి మంటలార్పే సిలిండరు తలుపు దగ్గర ఉండాలి, పొయ్యి వెనకాల కాదు.

ప్రశ్న: టాయిలెట్ సంగతి ఏం చెయ్యాలి?
– ఒక పాఠకురాలు, పెందుర్తి

జవాబు: పెట్టె టాయిలెట్ (వెంట తీసుకెళ్ళే చిన్న టాయిలెట్) మంచిదే. లేకపోతే మూతున్న బకెట్, మందపాటి సంచులు, రంపపు పొట్టు సరిపోతాయి. సంచి బిగించి వెనక్కి తెచ్చేయండి. గెడ్డల్లో పారబోయడం, గిన్నెలు తోమిన సబ్బునీళ్ళు వదలడం చెయ్యకండి. కింది ఊళ్ళవాళ్ళు ఆ నీళ్ళే తాగుతారు. మరో మాట: ఏజెన్సీలో మలేరియా ఉంది. దోమతెర, సాయంత్రం నిండు చేతుల చొక్కా తప్పవు. తిరిగొచ్చాక కొన్ని నెలల లోపు జ్వరం వస్తే ఏజెన్సీకి వెళ్ళొచ్చామని డాక్టరుకి చెప్పి రక్తపరీక్ష చేయించుకోండి.

ప్రశ్న: కారు బాగానే నడుపుతాను, క్యాంపర్ ఎప్పుడూ నడపలేదు. ఘాట్‌కి ఏ పనిముట్లు కావాలి?
– ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ

జవాబు: స్టెప్నీలో గాలి, ఆ బండి బరువుకి తగ్గ జాకీ, నట్లకి సరిపడే వీల్ స్పానరు మూడూ ఇంటి దగ్గరే ఒకసారి వాడి చూడండి. కారు జాకీ క్యాంపర్‌ని లేపలేదు. చక్రాల కింద పెట్టడానికి రెండు అడ్డుచెక్కలు, మెరిసే త్రికోణం, గాలి కొలిచే గేజి, ఒక తాడు తీసుకోండి.

సామానంతా ఎక్కించి, మనుషులతో సహా ఒకసారి లారీ కాటా మీద తూకం వేయించండి. ఆర్‌సీలో రాసిన మొత్తం బరువు దాటితే సామాను దించాల్సిందే. బరువైనవి కింద, రెండు ఇరుసుల మధ్య పెట్టండి. వెనక చివర్లో, పై అరల్లో పెడితే మలుపుల్లో బండి ఊగుతుంది. దిగేటప్పుడు, ఎక్కిన గేరులోనే దిగాలన్న డ్రైవర్ల సూత్రం పాటించండి. కాలు బ్రేకు మీదే ఉంచితే డ్రమ్ములు వేడెక్కి, ద్రవం మరిగి, పెడల్ మెత్తబడిపోతుంది. మాడు వాసనొస్తే వెడల్పున్న చోట ఆగి, చక్రాలకి చెక్కలు పెట్టి అరగంట చల్లారనివ్వండి. నీళ్ళు చల్లొద్దు. వ్యాను ఎత్తు మీటర్లలో రాసి స్టీరింగు ఎదుట అంటించుకోండి, రైల్వే అండర్‌బ్రిడ్జిలు, చెట్ల కొమ్మలు వచ్చినప్పుడు కావాలి.

ప్రశ్న: ముందుగా భీమిలి బీచ్‌లో ఒక రాత్రి గడిపితే?
– ఒక పాఠకుడు, ఆనందపురం

జవాబు: గట్టి నేల మీదే నిలపండి, ఇసుకలోకి దించొద్దు. బరువైన వ్యాను కూరుకుపోతే చక్రం తిప్పేకొద్దీ ఇంకా లోతుకి పోతుంది. పోటు వేళలు ముందే చూసుకోండి. ఉప్పుగాలికి వైర్ల చివర్లు తుప్పు పడతాయి, ఇంటికి రాగానే బండి అడుగుభాగం మంచినీళ్ళతో కడిగించండి.