జనవరి గడువు రాకముందే

అమ్మడూ,

నువ్వు కెనడాలోనే సస్కాచువన్‌లో ఒక జూనియర్ ఐస్ హాకీ క్లబ్బులో చేరుతున్నావని మీ నాన్న నిన్న రాత్రి ఫోన్ చేసి చెప్పాడు. వాడి బుర్రలో ఇంకా ధ్యాన్‌చంద్ ఆడిన హాకీయే ఉంది. "ఎండలో తిరగాల్సి వస్తుందేమో అన్నయ్యా" అన్నాడు. నవ్వి ఊరుకున్నాను గానీ, ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. స్టాటిస్టిక్స్ చదివి ఏ బ్యాంకులోనో కుదురుకుంటావనుకున్న పిల్లవి, జనవరిలో ట్రేడ్‌ల గడువు ముగిసేలోగా ఎవరిని ఉంచుకోవాలి, ఎవరిని వేరే టీమ్‌కి ఇచ్చి వదులుకోవాలి అని తేల్చే గదిలో కూర్చోబోతున్నావు. 1979లో ఎడ్మంటన్‌లో దిగినప్పుడు, మన ఇంటిపేరున్న పిల్ల ఒకరోజు ఆ గదిలో ఉంటుందని ఎవరైనా చెబితే నవ్వేవాణ్ణి. మీ పెద్దమ్మ పొద్దున్నే దేవుడి దగ్గర దీపం పెట్టింది. నేను పెన్ను తీసుకున్నాను. మధ్యలో తిట్లు కూడా ఉంటాయి, ఓపిగ్గా చదువు.

తేలిక విషయాలు ముందు చెప్పేస్తా. అంకెలు నీకు నేర్పేవాణ్ణి కాను, కానీ వారానికి ఒక్క మ్యాచ్ అయినా లాప్‌టాప్ మూసేసి చూడు. ఆటగాళ్ళని వెతికిపెట్టే ముసలి స్కౌట్ల పక్కన కూర్చో, వాళ్ళకి కాఫీ నువ్వే కొను. టీమ్‌కి ఇరవయ్యేళ్ళవాళ్ళు ముగ్గురికి మించకూడదన్న నిబంధన నీకు తెలిసే ఉంటుంది. 2025 ఆగస్టు నుంచి జూనియర్ లీగ్ పిల్లలు అమెరికా కాలేజీల్లో ఆడుకోవచ్చు కాబట్టి, "వచ్చే ఏడాది వీడు మన దగ్గరే ఉంటాడు" అనే లెక్క ఏదీ గట్టిది కాదు. ఈ మాట మీ మేనేజర్‌కి కూడా గుర్తుచేస్తూ ఉండు.

ఇక బస్సు సంగతి. దీని మీద నాతో వాదించకు. 1986 డిసెంబరు 30న స్విఫ్ట్ కరెంట్ టీమ్ బస్సు మంచు మీద జారి బోల్తా పడింది, నలుగురు కుర్రాళ్ళు పోయారు. 2018 ఏప్రిల్ 6న హంబోల్ట్ బస్సు లారీని గుద్దుకుంటే పదహారు మంది పోయారు. ఆ వారం మా వీధిలో ఇంటింటా గుమ్మం ముందు హాకీ కర్ర నిలబెట్టి, లైటు వేసి ఉంచారు. మన ఇంట్లో కర్ర లేదు. మీ పెద్దమ్మ పక్కింటికెళ్ళి అడిగి తెచ్చి పెట్టింది. నువ్వు వెళ్తున్నది ఆ రోడ్ల మీదికే. ఆఫీసులో కూర్చునే ఉద్యోగమని మీ నాన్నతో అన్నావట, కానీ జూనియర్ క్లబ్బులో అలాంటి ఉద్యోగం ఉండదని నాకు తెలుసు. బస్సెక్కగానే బెల్టు పెట్టుకో. పెట్టుకోని కుర్రాళ్ళ మీద కేకలెయ్యి. అక్కలా అరిస్తే వింటారు, అధికారిలా చెబితే వినరు. నీ కారుకి వింటర్ టైర్లు లేకపోతే డబ్బు నేను పంపిస్తా, మీ నాన్నకి చెప్పక్కర్లేదు.

బస్సు అంటే ఇంకొకటి గుర్తొచ్చింది. 1983లో సియాటల్ బ్రేకర్స్ వాళ్ళు టామ్ మార్టిన్ అనే కుర్రాడి మీద తమకున్న హక్కుల్ని విక్టోరియా టీమ్‌కి ఇచ్చి, బదులుగా పాత బస్సు తీసుకున్నారు. ఇక్కడ హాకీ చూసేవాళ్ళంతా నవ్వుకుంటూ చెప్పుకునే కథ ఇది. మీ పెద్దమ్మకి చెబితే నవ్వలేదు. "పిల్లాణ్ణిచ్చి బస్సు తెచ్చుకున్నారా?" అంది. ఆ కుర్రాడికీ విక్టోరియాలో ఆడటమే ఇష్టం, ఆ ట్రేడ్ వల్ల అతనికి మేలే జరిగిందని చెప్పాను. "అయితే మాత్రం?" అంది.

ఆవిడ మాటకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. ఎందుకంటే పెద్ద లీగ్‌లో, అంటే ఎన్‌హెచ్‌ఎల్‌లో, ట్రేడ్ అయ్యేది లక్షల డాలర్లు సంపాదించే మగాడు. నీ లీగ్‌లో అయ్యేది పదిహేడేళ్ళ పిల్లాడు. మా ఎదురింటివాళ్ళు కొన్నేళ్ళపాటు జూనియర్ ఆటగాళ్ళకి ఇంట్లో గది ఇచ్చి, తిండి పెట్టారు. ఒక జనవరిలో వాళ్ళింటి కుర్రాణ్ణి వేరే ఊరికి ట్రేడ్ చేశారు. నేను మంచు ఎత్తిపోస్తూ చూశాను. కారు డిక్కీలో కర్రలు, బూట్ల సంచీ సర్దుకున్నాడు. ఆ ఇంటావిడ సూప్ డబ్బాలు తెచ్చిస్తే, అవి ఒరగకుండా కర్రల మధ్యన ఇరికించాడు. అంతా అయ్యాక లోపలికి పరిగెత్తి లెక్కల పుస్తకం తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు, స్కూల్లో తిరిగి ఇచ్చెయ్యమని. పరీక్షలు ఇంకో వారంలో ఉన్నాయట. ఆ క్లబ్బులో ఎవరికీ ఆ సంగతి తెలీదు. అడిగి ఉంటే తెలిసేది. నువ్వు అడుగు. ట్రేడ్ పక్కా అయ్యాక ఆ పిల్లాడికి నువ్వో మీ మేనేజరో ఎదురుగా కూర్చుని చెప్పండి. వాళ్ళమ్మకి ఫోన్ చెయ్యండి. వాడు ఆ వార్త ఫోన్‌లో స్నేహితుడి మెసేజ్ చూసి తెలుసుకున్నాడని నేను వింటే మాత్రం నిన్ను ఊరుకోను.

సరే, ఇక అసలు విషయం. నష్టపోయే ట్రేడ్‌ల గురించి నువ్వు చాలా చదివే ఉంటావు. చదివినవాళ్ళంతా "ఆ మేనేజర్‌కి ఆట తెలీదు" అని తేల్చేస్తారు. నా అభిప్రాయం అది కాదు. అందుకు పెద్ద లీగ్‌లో ఆడే మా ఎడ్మంటన్ ఆయిలర్స్‌నే చూడు.

2016 జూన్ 29. టేలర్ హాల్‌ని న్యూజెర్సీకి ఇచ్చి ఆడమ్ లార్సన్‌ని తెచ్చుకున్నారు. ఒకరికి ఒకరు, పైన ఒక్క డ్రాఫ్ట్ పిక్ (ఏటా కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే వంతు) కూడా లేదు. హాల్ 2010 డ్రాఫ్ట్‌లో మొట్టమొదట తీసుకున్న కుర్రాడు. ఎడమ పక్కన పుక్ (బంతి బదులు వాడే బిళ్ళ) తీసుకుని దూసుకెళ్తుంటే, నేను కూర్చునే పై వరస సీట్లలో కూడా జనం లేచి నిలబడేవాళ్ళు. ఆరు సీజన్లు మా దగ్గర ఆడాడు, ఒక్క ప్లేఆఫ్ మ్యాచ్ కూడా చూడలేదు. అది అతని తప్పా? గోల్‌కీపర్లు మారారు, కోచ్‌లు మారారు, డిఫెన్స్ మాత్రం ఎప్పుడూ చిల్లుల జల్లెడే. కానీ ఓడిన రాత్రి కోపమంతా జట్టులో అందరికంటే బాగా ఆడేవాడి మీదికే పోతుంది. నా ఆఫీసు స్నేహితులు కూడా అనేవాళ్ళు, "హాల్ ఉండగా మనం గెలవం" అని. బోస్టన్‌లో జో థార్న్‌టన్‌కీ ఇదే జరిగింది. 2005 నవంబరులో టీమ్ ఓడిపోతోందని కెప్టెన్‌నే శాన్ హోజేకి పంపేశారు. ఆ సీజన్ చివర్లో అత్యుత్తమ ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ అతనికే వచ్చింది.

హాల్ ట్రేడ్ చేసింది పీటర్ షియరెల్లి. ఆయన తెలివితక్కువవాడా? బోస్టన్‌కి 2011లో స్టాన్లీ కప్, అంటే పెద్ద లీగ్ విజేత కప్, తెచ్చిన మేనేజర్ ఆయన. అంతకుముందు 2009లో ఫిల్ కెసెల్‌ని టొరంటోకి ఇచ్చి రెండు మొదటి రౌండ్ పిక్‌లు, ఒక రెండో రౌండ్ పిక్ రాబట్టాడు. టొరంటో తొందరలో ఉంది, వెంటనే గెలవాలి. తీరా ఆ ఏడాది వాళ్ళు కింద నుంచి రెండో స్థానంలో తేలారు, ఆ పిక్‌తో బోస్టన్ 2010లో టైలర్ సెగిన్‌ని తీసుకుంది. టొరంటో ఇచ్చిన ఇంకో మొదటి రౌండ్ పిక్‌తో తర్వాతి ఏడాది డూగీ హామిల్టన్. ఇంత చక్కటి బేరం చేసిన మనిషే 2013లో సెగిన్‌ని డల్లాస్‌కి పంపాడు, 2016లో హాల్‌ని వదులుకున్నాడు. 2010 డ్రాఫ్ట్‌లో మొదటివాడినీ రెండోవాడినీ ఇద్దరినీ ట్రేడ్ చేసింది ఒక్క మనిషే, చూశావా!

2009కీ 2016కీ మధ్య ఆయన బుర్ర మారలేదు, తొందర ఎవరిదన్నది మారింది. 2016 వేసవికల్లా ఎడ్మంటన్‌కి కుడిచేతి డిఫెన్స్‌మన్ కావాలని లీగ్‌లో తెలియని క్లబ్బు లేదు. పదేళ్ళుగా ప్లేఆఫ్స్ లేవు, కొత్త స్టేడియం తెరవబోతున్నారు, కుర్ర స్టార్ మెక్‌డేవిడ్ అప్పటికే వచ్చేశాడు. సంత ముగిసేవేళకి ఎద్దుని అమ్ముకోక తప్పని రైతులా నిలబడ్డాం. అవతలివాడు ధర తగ్గించకుండా ఉంటాడా? లార్సన్ నికార్సైన ఆటగాడు, అతన్ని నేను ఒక్కమాట అనను. 2017లో మేం మళ్ళీ ప్లేఆఫ్స్‌కి వెళ్ళడంలో అతని చెయ్యీ ఉంది. కానీ 2018లో హాల్ 93 పాయింట్లతో (గోల్స్, గోల్‌కి అందించిన పాస్‌లు కలిపి) హార్ట్ ట్రోఫీ గెలిచాడు, అదే ఏడాది మేం మళ్ళీ బయటే ఉండిపోయాం.

ఇక్కడ నువ్వు జాగ్రత్తగా చూడాల్సింది ఇంకొకటి ఉంది. హాల్ వెళ్ళాక రెండు రోజులకి, జూలై 1న, మిలన్ లూచిచ్‌తో ఏడేళ్ళకి 42 మిలియన్ డాలర్ల ఒప్పందం చేసుకున్నారు. అంటే ఏడాదికి ఆరు మిలియన్లు. హాల్ జీతం సరిగ్గా అంతే! శాలరీ క్యాప్ (టీమ్ మొత్తం జీతాలకి ఉండే పరిమితి) కింద చూస్తే అసలు ట్రేడ్ హాల్‌కీ లార్సన్‌కీ కాదు, హాల్ బదులు లూచిచ్ వచ్చాడు. మూడేళ్ళకి ఆ ఒప్పందం వదిలించుకోవడానికి కాల్గరీ నుంచి జేమ్స్ నీల్‌ని తీసుకోవాల్సి వచ్చింది. అప్పటికే ఇంకో గొలుసు కూడా నడిచింది: ఎబర్లీని ఇచ్చి స్ట్రోమ్‌ని, స్ట్రోమ్‌ని ఇచ్చి స్పూనర్‌ని, స్పూనర్‌ని ఇచ్చి గాన్యేని తెచ్చుకున్నాం. 2017 జూన్ నుంచి 2019 ఫిబ్రవరి దాకా, ఒక్కో మెట్టూ దిగుతూ. ఒక్కో ట్రేడ్‌ని విడిగా చూస్తే ఎవరో ఒకరు "పర్లేదులే" అనేవాళ్ళు. ఎవరైనా నీకు ట్రేడ్ కాగితం చూపిస్తే, దానికి ముందు వెనక జరిగినవి కూడా ఆ కాగితం మీదే రాసి చూడు.

ఇంత చెప్పాక ఇంకో సంగతి చెప్పకపోతే అన్యాయం. ట్రేడ్ జరిగిన రోజే గెలుపోటములు ప్రకటించేవాళ్ళ మాట నమ్మకు. 2022 జూలైలో మాథ్యూ ట్కాచుక్ మా ప్రత్యర్థి కాల్గరీలో ఉండనన్నాడు. అయినా కాల్గరీ మేనేజర్ అతన్ని ఫ్లోరిడాకి ఇచ్చి, అక్కణ్ణుంచి అంతకుముందు సీజన్‌లో 115 పాయింట్లు చేసిన హ్యూబర్డో, మంచి డిఫెన్స్‌మన్ వీగర్, ఇంకో కుర్రాడు, మొదటి రౌండ్ పిక్ తెచ్చాడు. అందరూ కాల్గరీయే గెలిచిందన్నారు. నేనూ అదే అన్నాను, కడుపుమంటతో. మరుసటేడు హ్యూబర్డో 55 పాయింట్ల దగ్గర ఆగిపోయాడు. అతనికి ఇరవై తొమ్మిది, ట్కాచుక్‌కి ఇరవై నాలుగు. అసలు సంగతి ఆ ఐదేళ్ళలోనే ఉంది. కాల్గరీవాళ్ళకి నష్టమొస్తే మాకిక్కడ పండగే, కానీ ఆ ట్రేడ్‌కి చివరికి ఏడ్చింది మేమే. 2024లోనూ 2025లోనూ ఫైనల్లో మమ్మల్ని ఓడించి కప్ ఎత్తుకెళ్ళింది ఆ ఫ్లోరిడాయే.

జూనియర్‌లో శాలరీ క్యాప్ లేదు గానీ తొందర మాత్రం ఇంకా ఎక్కువ. సస్కటూన్ బ్లేడ్స్ 2013లో జూనియర్ లీగ్‌ల పెద్ద పోటీ మెమోరియల్ కప్‌కి ఆతిథ్యం ఇస్తున్నామని రాబోయే ఏళ్ళ పిక్‌లు ఖర్చుపెట్టి పెద్దవాళ్ళని తెచ్చుకున్నారు. ప్లేఆఫ్స్ మొదటి రౌండ్‌లోనే మెడిసిన్ హ్యాట్ 4–0తో ఇంటికి పంపింది. ఆతిథ్య జట్టుగా సొంతూళ్ళో ఆడిన కప్‌లోనూ టైబ్రేకర్‌లో లండన్ (ఒంటారియోలోది) చేతిలో ఓడారు. ఆ తర్వాత కొన్నేళ్ళు ప్లేఆఫ్స్ మొహం చూడలేదు. మీ క్లబ్బు యజమాని "ఈ ఏడే మనది" అని డిసెంబర్లో అన్నాడంటే, లెక్కలేసి కాదనే ధైర్యం ఆ గదిలో ఒక్కరికైనా ఉండాలి. అది నువ్వే అయితే నీ ఉద్యోగం పోవచ్చు. పోతే పోయింది, ఎడ్మంటన్‌లో నీ గది నీకుంది.

గ్రెట్స్కీ గురించి అడుగుతావని తెలుసు, ఎప్పుడూ అడుగుతావుగా. 1988 ఆగస్టు 9న నేను ఆఫీసులో ఉన్నాను. ఎవరో రేడియో పెట్టారు, ఆ తర్వాత ఆ రోజంతా ఎవరూ పని చెయ్యలేదు. మా అందరికంటే గొప్ప ఆటగాణ్ణి లాస్ ఏంజెలెస్‌కి ఇచ్చేశారు. అక్కణ్ణుంచి జిమ్మీ కార్సన్, మార్టిన్ జెలీనా, మూడు మొదటి రౌండ్ పిక్‌లు, 15 మిలియన్ డాలర్లు వచ్చాయి. ఆ చివరి అంకె ఒక్కటీ చదివితే ట్రేడ్ ఎందుకు జరిగిందో తెలుస్తుంది. కానీ మెస్సియే, కూరీ, ఫ్యూర్ లాంటివాళ్ళు మిగిలారు కదా, 1990లో మళ్ళీ కప్ గెలిచాం. గ్రెట్స్కీ ఇంకెప్పుడూ గెలవలేదు. అప్పుడు మనసు విరిగి టీవీ చూడనని ఒట్టు పెట్టుకున్నవాళ్ళే వీధుల్లో కార్ల హారన్లు మోగించారు. అందులో మీ పెదనాన్న కూడా ఉన్నాడు.

గోంగూర పచ్చడి, కారప్పొడి ఈ వారం పార్సెల్ చేస్తాం. నీ గదికి హీటర్ సరిగ్గా పనిచేస్తుందో లేదో ఇల్లుగలావిణ్ణి ఇప్పుడే అడుగు, నవంబరు దాకా ఆగకు. మీ టీమ్ ఎడ్మంటన్‌లో ఆడే తేదీ చెప్తే టికెట్లు కొంటాను. మీ పెద్దమ్మ మీ జెర్సీ వేసుకుంటానంటోంది. నేను మాత్రం మా ఊరి టీమ్ జెర్సీలోనే వస్తాను, ముందే చెప్తున్నా.

మీ పెదనాన్న