ఊ కొట్టడం ఒప్పుకోవడం కాదు

అరండల్‌పేట,
గుంటూరు.

చిరంజీవి శ్రీకర్‌కు మేనత్త ఆశీస్సులు.

నువ్వు పంపిన కాగితాలు రెండుసార్లు చదివాను. ఒప్పందం, ఎగుమతి పత్రాలు, ప్రయోగశాల నివేదికలు, అన్నీ వరుసలో ఉన్నాయి. తేజ రకం మిరపకాయల్లో తేమ ఎక్కువుందంటూ చైనా కొనుగోలుదారు సొమ్ము ఆపేయడం మీద నీ వాదన గట్టిగానే ఉంది. ఒక దేశపు ఆర్బిట్రేషన్ తీర్పును మరో దేశంలో అమలు చేయించే 1958 నాటి న్యూయార్క్ ఒడంబడిక గురించి నీకు నేను చెప్పనక్కరలేదు. అయితే నాన్నా, అంత కట్టలో మనుషులు మాత్రం నాకు ఎక్కడా కనబడలేదు. సింగపూర్‌లో ఈ తగాదా తేల్చే గదిలో మన ఎగుమతిదారు ఎలా కూర్చుంటారు, ఏ మాటకు ఎలా స్పందిస్తారు, దాన్ని ఎదుటివారు ఏమని అర్థం చేసుకుంటారు, ఇవేవీ నువ్వు ఆలోచించినట్లు లేదు. ముప్పై ఎనిమిదేళ్లు ఈ పని చేశాను. చట్టం దగ్గర కన్నా ఇక్కడే ఎక్కువ కేసులు దారి తప్పడం చూశాను. అందుకే ఇంత పొడవు ఉత్తరం రాస్తున్నాను.

మొదటి చిక్కు మన భాషలోనే ఉంది. ఆర్బిట్రేషన్ అంటే పక్షాలు ఒప్పుకున్నవారు కోర్టు బయట తీర్పు చెప్పడం, మీడియేషన్ అంటే నచ్చజెప్పి రాజీ కుదర్చడం. ఆర్బిట్రేషన్‌ను మధ్యవర్తిత్వం అంటాం, మీడియేషన్‌నూ మధ్యవర్తిత్వమే అంటాం. పత్రికలూ అలాగే రాస్తాయి. ఇది అనువాదం చేసేవారి అలసత్వం అనుకోకు. మన ఊళ్లలో ఆ రెండు పనులూ చేసేది ఒకే మనిషి కాబట్టి మాట కూడా ఒకటే అయింది. పెద్దమనిషి ముందు ఇద్దరికీ నచ్చజెబుతాడు. ఒకరిని పక్కకు పిలిచి కాస్త తగ్గమంటాడు. రెండోవారి ఇంటికి వెళ్లి అరుగు మీద కూర్చుని కాఫీ తాగి వస్తాడు. అప్పటికీ కుదరకపోతే తనే తీర్పు చెబుతాడు. ఆయన మీ ఇంట్లో కాఫీ తాగాడు కాబట్టి ఆ తీర్పు చెల్లదని మన దగ్గర ఎవరూ అనరు.

నీ కక్షిదారు మనసులో ఉన్న బొమ్మ అదే. "ఆ ఆర్బిట్రేటరుగారిని ఒక్కసారి విడిగా కలిసి మన బాధ చెప్పుకుంటే బాగుండును కదమ్మా" అని నన్ను అడిగిన ఎగుమతిదారులు ఎంతోమంది. వాళ్లలో ఏ ఒక్కరిదీ దురుద్దేశం కాదు. తెలియక అడిగారు. తెలియజెప్పాల్సింది మనం.

చైనాలో జరిగిన ఒక సంగతి నీకు ఇక్కడ బాగా పనికొస్తుంది. షియాన్ నగరంలో ఒక వాటాల తగాదా ఆర్బిట్రేషన్‌కు వెళ్లింది. అక్కడి ఆర్బిట్రేషన్ కమిషన్ ప్రధాన కార్యదర్శి, ఆర్బిట్రేటర్లలో ఒకరు కలిసి, ఒక పక్షానికి దగ్గరివాడైన వ్యక్తిని హోటల్లో విందుకు కూర్చోబెట్టి, 25 కోట్ల యువాన్లతో రాజీ చేసుకునేలా ఆ పక్షాన్ని ఒప్పించమన్నారు. రాజీ కుదరలేదు, తీర్పు వచ్చింది. దాన్ని హాంకాంగ్‌లో అమలు చేయించబోతే, 2011లో అక్కడి కింది న్యాయస్థానం ఆ విందును చూసి, ఇందులో పక్షపాతం కనబడుతోందని నిరాకరించింది. అదే ఏడాది అప్పీలు న్యాయస్థానం ఆ నిరాకరణను కొట్టేసింది. రాజీ ప్రయత్నం జరిగిన చోట అలాంటివి మామూలుగా ఎలా జరుగుతాయో కూడా చూడాలంది. ఒకే విందు. ఒక న్యాయమూర్తికి అది పక్షపాతంలా, పైవారికి ఆ ప్రాంతపు పద్ధతిలా కనబడింది. నువ్వు చదివిన చదువు నిన్ను ఆ మొదటి న్యాయమూర్తి పక్కన నిలబెడుతుంది. మన మిరప వ్యాపారి, ఎదుటి చైనా వ్యాపారి మాత్రం ఆ విందును చూసి ఏమీ ఆశ్చర్యపోరు. ఈ విషయంలో వాళ్లిద్దరూ ఒకరికొకరు దగ్గర, ఇద్దరికీ దూరంగా ఉన్నది నువ్వు. దీన్ని బాగా ఆలోచించు.

ఆర్బిట్రేటర్లు రాజీకి చొరవ చూపడం మన చట్టానికీ కొత్త కాదు. 1996 ఆర్బిట్రేషన్ చట్టంలోని 30వ సెక్షన్, పక్షాలు ఒప్పుకుంటే, అందుకు వీలు కల్పించింది. కానీ సింగపూర్‌లో మీరు వెళ్తున్న దారి వేరు. ముందు ఆర్బిట్రేషన్ దాఖలు చేసి, దాన్ని ఆపి, ఎనిమిది వారాలు మీడియేషన్‌కు ఇచ్చి, కుదరకపోతే మళ్లీ ఆర్బిట్రేషన్‌కు వస్తారు. ఆ రెండు పనులకూ వేర్వేరు మనుషులుంటారు. ఇది నీ కక్షిదారుకు నీ మాటల్లో కాకుండా ఆయన మాటల్లో చెప్పు: "నచ్చజెప్పేవారు ఒకరు, తీర్పు చెప్పేవారు మరొకరు. మొదటివారి దగ్గర మనసు విప్పవచ్చు. రెండోవారికి వరండాలో ఎదురుపడితే నమస్కారం పెట్టి ఊరుకోవాలి." రాజీ కుదిరితే దాన్ని ఆర్బిట్రేషన్ తీర్పుగా రాయించుకోవడం మరువకు. మీడియేషన్ రాజీల అమలు కోసం 2019 ఆగస్టు 7న సింగపూర్‌లోనే ఒక ఒడంబడికపై మన దేశం, చైనా సహా 46 దేశాలు తొలిరోజే సంతకాలు చేశాయి. అయితే సంతకం వేరు, దానికి కట్టుబడతామనే ధ్రువీకరణ వేరు. న్యూయార్క్ ఒడంబడిక దారే నీకు గట్టిది.

మీడియేటరు ఒక్కొక్కరినీ వేరే గదిలో కూర్చోబెట్టి మాట్లాడతారని చెబితే మొదట మనవాళ్లు అనుమానపడతారు, మన వెనక ఏం మాట్లాడుకుంటున్నారో అని. అప్పుడు పశువుల సంతను గుర్తు చెయ్యి. తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరం ఆడేది ఎందుకు? పక్కన నిలబడ్డవారికి అంకె తెలియకూడదని, తగ్గినవారి పరువు నలుగురిలో పోకూడదని. ఆ వేరే గది కూడా తువ్వాలు లాంటిదేనంటే చిటికెలో అర్థమవుతుంది.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల కిందట తూర్పు ఆసియా కొనుగోలుదారుతో ఒక రాజీ చర్చకు వెళ్లాం. పొడవాటి బల్ల, అటు నలుగురు, ఇటు ముగ్గురం. మా ఎగుమతిదారు 12 శాతం ధర తగ్గిస్తానన్నారు. అనువాదకురాలు చెప్పింది. అటు పెద్దాయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, తన ముందున్న కాగితం వైపు చూస్తూ ఉండిపోయారు. ఎవరూ మాట్లాడలేదు. మన దగ్గర బేరంలో అంతసేపు మౌనం అంటే ఇక లేచి వెళ్లిపోతారని అర్థం. మా ఎగుమతిదారు కుర్చీలో కదిలారు. నా వైపు చూశారు. నేను కాగితాలు సర్దుకుంటున్నాను. "సరే, పదిహేను" అన్నారు. మళ్లీ మౌనం. "పద్దెనిమిది" అన్నారు. అప్పుడు పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని మెల్లగా తల వంచారు. సంతకాలయ్యాక టీ తాగుతుండగా వాళ్ల పడుచు ఉద్యోగి నాతో అన్నాడు, తమ పెద్దాయన 12కే సిద్ధపడ్డారనీ, వచ్చిన ప్రతిపాదనకు వెంటనే బదులివ్వడం దాన్ని తేలిక చేసినట్లవుతుందని ఆగారనీ. ఆ 6 శాతం మా కక్షిదారు పోగొట్టుకోలేదు. నేను పోగొట్టాను. ఆయన చేతి మీద నా చెయ్యి వేసి ఉంటే సరిపోయేది. నువ్వు మీ ఎగుమతిదారు పక్కనే కూర్చో, ఎదురుగా కాదు.

అయితే ఈ కథ విని తూర్పు ఆసియావారి మౌనమంతా అంగీకారమనుకుంటే మరో గోతిలో పడతావు. ఆ మౌనం ఆ మనిషిది, ఆ రోజుది. ఫలానా దేశంవారు ఇలా ఉంటారని చెప్పే చిట్కాల పుస్తకాలు కొనవద్దు. తెనాలి మనిషి, పల్నాడు మనిషి ఒకేలా బేరం ఆడరని నీకు తెలుసు. వందకోట్లు దాటిన జనం ఒకేలా ఎందుకుంటారు? మౌనానికి నీ అర్థం అతికించకుండా మీడియేటరును అడుగు: "వారికి ఆలోచించుకోవడానికి సమయం కావాలా?" అంతే. అడగడంలో తప్పు లేదు.

అంతకన్నా ముందు మన అలవాట్లను మనం చూసుకోవాలి. ఒక విచారణలో మా గోదాము మేనేజరును ఎదుటి న్యాయవాది ప్రశ్నిస్తున్నారు. ప్రశ్న పొడవుగా ఉంది: సరుకు ఎక్కించే ముందు వాన పడిందని, బస్తాలు తడిశాయని, ఆ సంగతి మీకు తెలుసని... అనువాదకుడు ఒక్కొక్క ముక్కే చెబుతుంటే మా మేనేజరు మర్యాదగా "ఆఁ... ఊఁ..." అంటూ తల ఊపుతున్నారు. కథ చెబుతుంటే మనం ఊ కొట్టమా, అలాగన్నమాట. మాట మాటా రాసుకునే అమ్మాయి ఆ "ఆఁ"ను అవునని నమోదు చేసింది. ఊ కొట్టడం ఒప్పుకోవడం కాదని ముగ్గురు ఆర్బిట్రేటర్లకు వివరించేసరికి అరగంట పట్టింది. వివరించినా, ఒకసారి రాతలో పడ్డ అవును మనసులోంచి పూర్తిగా చెరిగిపోతుందా? అందుకే నీ సాక్షులను ఇంట్లో కూర్చోబెట్టి సాధన చేయించు. ప్రశ్న పూర్తయ్యేదాకా తల నిలకడగా, నోరు మూసుకుని వినాలి. తర్వాత అవును, కాదు, తెలియదు, వీటిలో ఒకటి పూర్తి మాటగా చెప్పాలి. ఏం చెప్పాలో నేర్పవద్దు, అది తప్పు. ఎలా వినాలో నేర్పు.

"చూద్దాంలెండి" కూడా అలాంటిదే. మిరప యార్డులో కమీషన్ ఏజెంటు ఆ మాటంటే బేరం అయిపోయిందని రైతుకు తెలుస్తుంది. అనువాదంలో అది ఆశలా వినబడుతుంది. ఎదుటివారు ఆ ఆశ పట్టుకుని రెండు రోజులు ఎదురు చూసి, తర్వాత మోసపోయామనుకుంటారు. కుదరకపోతే "ఇది మాకు కుదరదు, ఇంకో దారి చూద్దాం" అని చెప్పమను.

సాక్ష్యం సంగతి. మన ఎగుమతిదారు తన వాంగ్మూలంలో ఒక వాక్యం రాస్తే నువ్వు ఎర్రగీత పెట్టి కొట్టేశావు: బస్తాలోంచి గుప్పెడు కాయలు తీసి, తొడిమ పట్టుకుని ఊపితే గింజ గలగలమందని, విరిస్తే పెళుసుగా విరిగిందని. అది కొట్టేయవద్దు. ఇక్కడ కోట్ల రూపాయల సరుకు ఆ గలగల మీదే చేతులు మారుతుంది. ఐరోపా ఆర్బిట్రేటరుకు అది సాక్ష్యంలా కనబడకపోవచ్చు, కాబట్టి ప్రయోగశాల తేమ శాతం పక్కనే పెట్టి, ఈ వ్యాపారంలో ఆ పరీక్షకు ఉన్న విలువ ఏమిటో రెండు వాక్యాల్లో చెప్పు. చైనా పద్ధతిలో సాక్షి మాట కన్నా కాగితానికే బరువు ఎక్కువ. ఇంగ్లీషు న్యాయ సంప్రదాయంలో అడ్డుప్రశ్నలకు నిలిచిన మాటకు విలువ. నీ ముగ్గురు ఆర్బిట్రేటర్లు ఏ సంప్రదాయంలో పెరిగారో ముందే తెలుసుకుని దానికి తగ్గట్టు తయారవ్వు. ఎదుటివారి పత్రాలు ఎంతవరకు అడగవచ్చన్నది కూడా మొదటి సమావేశంలోనే రాతపూర్వకంగా తేల్చుకో. తర్వాత అడిగితే అవమానించినట్లు తీసుకునేవారున్నారు.

రేపు నీకు గల్ఫ్ కేసులు వస్తే వడ్డీ విషయంలో జాగ్రత్త. సౌదీ న్యాయస్థానాలు షరియాకు విరుద్ధమని తీర్పులోని వడ్డీ భాగాన్ని అమలు చేయవు. అసలును, వడ్డీని తీర్పులో విడివిడిగా రాయించుకోవాలి.

చివరగా రాజీ పత్రం రాసేటప్పుడు ఎవరు తప్పు చేశారన్న వాక్యం లేకుండా చూడు. "నాసిరకం సరుకు" అని రాస్తే మనాయన యార్డులో తలెత్తుకోలేడు, "అన్యాయంగా సొమ్ము ఆపారు" అని రాస్తే అవతలాయన తన పైవారికి ముఖం చూపలేడు. వచ్చే సీజనులో పంపే సరుకు ధరలో కొంత తగ్గింపు, ఆగిన సొమ్ము రెండు విడతల్లో చెల్లింపు, ఇలా రాస్తే ఇద్దరూ వ్యాపారం కొనసాగించినట్లే ఉంటుంది. అంకె అదే.

వచ్చే ఆదివారం ఎగుమతిదారును, ఆ గోదాము మనిషిని వెంటబెట్టుకుని ఇంటికి రా. అనువాదకురాలు దొరికితే ఆమెనూ ఫోనులో కలుపు. ప్రశ్నలు నేను అడుగుతాను, పొడవుగా, ముక్కలు ముక్కలుగా. వాళ్లు ఎక్కడ ఊ కొడతారో నువ్వు రాసుకుందువుగాని.

ఆశీస్సులతో,
మీ అత్త