పాత్ర కోసం నటుడు వారాల తరబడి మాట మానేయడం నిజంగా పనికొస్తుందా?

పనికొస్తుంది. ఫలితం మాత్రం నోరు మూసుకున్నప్పుడు కాదు, మళ్లీ విప్పినప్పుడు తెలుస్తుంది. సోవియట్ నటుడు అనతోలీ సోలొనీత్సిన్‌నే చూడండి. మాస్కో నాటక విద్యాలయం మూడుసార్లు వద్దంటే స్వెర్దలోవ్‌స్క్‌లో నాటకాలు వేసుకుంటున్న మనిషి. పాతకాలపు రష్యన్ చిత్రకారుడి మీద సినిమా ‘అంద్రేయ్ రుబ్ల్యోవ్’ స్క్రిప్టును పత్రికలో చదివి, పిలవని పేరంటానికి వెళ్లినట్టు మాస్కో వెళ్లి దర్శకుడు తర్కోవ్‌స్కీ ముందు నిలబడ్డాడు. వేషం దొరికింది.

కథలో రుబ్ల్యోవ్ ఒక అమ్మాయిని కాపాడబోయి మనిషిని చంపుతాడు. ఆ పాపానికి ఏళ్లకేళ్లు మౌనవ్రతం. వ్రతం వీడేది గంట పోత పోసే ఘట్టం చివర్లో. గంట మోగింది. పోత పోయించిన కుర్రాడు బురదలో పడి ఏడుస్తున్నాడు, తండ్రి తనకు ఏ రహస్యమూ చెప్పలేదని. వాణ్ని పొదివి పట్టుకుని రుబ్ల్యోవ్ మాట్లాడాలి. అక్కడ ఖంగుమనే నాటకాల గొంతు వినిపిస్తే మూడు గంటల సినిమా మట్టి కొట్టుకుపోతుంది. అందుకే సోలొనీత్సిన్ వారాల తరబడి మాట మానేసి, గొంతుకు మఫ్లర్ బిగించి కట్టుకుని తిరిగాడు.

ఇది చూసి ప్రయత్నించేవాళ్లు గుసగుసలతో పని కానిస్తారు. అది విశ్రాంతి కాదు, గొంతు ఇంకా ఒరుసుకుపోతుంది. వచ్చే బొంగురు కూడా జలుబు బొంగురే. చాలాకాలం మాట్లాడని మనిషికి ముందు తప్పేది ఊపిరి లెక్క: వాక్యం సగంలోనే గాలి అయిపోతుంది, చివరి మాట తేలిపోతుంది. సాధన చెయ్యాల్సింది దాన్ని.

దీన్ని ‘మెథడ్ యాక్టింగ్’ (పాత్రలా బతుకుతూ నటించడం) అని ఒక్క ముక్కలో తేల్చేస్తే నాకు ఒళ్లు మండుతుంది. అయినా హీరోయిన్ పెదాలు ఒకరివి, గొంతు ఇంకొకరిది అయిన మన దగ్గర ఈ కష్టం ఎవరికి కావాలి? సోవియట్ వాళ్లూ తక్కువేం తినలేదు లెండి. తర్కోవ్‌స్కీదే ‘సొలారిస్’ (1972)లో కథానాయకుడు బనియోనిస్, గొంతు జమాన్‌స్కీ అనే మరో నటుడిది.

‘రుబ్ల్యోవ్’ 1966లో పూర్తయినా సోవియట్ థియేటర్లకు వచ్చింది 1971లో. సోలొనీత్సిన్‌కు రచయిత దస్తయేవ్‌స్కీ పాత్రకు బెర్లిన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి 1981లో వచ్చింది. మరుసటి ఏడాది జూన్‌లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయాడు, 47 ఏళ్లకు. అతన్ని మనసులో పెట్టుకుని తర్కోవ్‌స్కీ అనుకున్న ‘నోస్టాల్జియా’ సినిమా పాత్రను యాంకోవ్‌స్కీ అనే నటుడు చేశాడు.

‘రుబ్ల్యోవ్’ చూసేటప్పుడు డబ్బింగ్ కాపీ జోలికి పోకండి. రష్యన్‌లోనే, సబ్‌టైటిల్స్‌తో, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆ గంట ఘట్టం వినండి.