నిద్రలో ఉన్న సిద్ధబీజానికి మరమ్మతు ఎంజైములు ఎక్కడివి?

ప్రశ్న: మా ఊరి చెలకలో ఒక చోట, ఎన్నడో దొమ్మ రోగంతో చనిపోయిన గొర్రెలను పాతిపెట్టారట. అక్కడికి మందను తోలవద్దని మా నాయన ఇప్పటికీ అంటాడు. నేను డిగ్రీలో మైక్రోబయాలజీ చదువుతున్నాను. కరువు కాలాన్ని తట్టుకోవడానికి బాక్టీరియా ధరించే నిద్రారూపమైన సిద్ధబీజంలో (స్పోర్) జీవక్రియలు దాదాపు జరగవని పుస్తకంలో ఉంది. ఏటా ఇంత ఎండ కాస్తుంటే దాని డీఎన్‌ఏ దెబ్బతినదా? దెబ్బతింటే దానిని బాగుచేసే ఎంజైములు ఎక్కడి నుంచి వస్తాయి?
– ఒక విద్యార్థి, దేవరకొండ, నల్లగొండ జిల్లా

జవాబు: మీ నాయన చెప్పినది పాటించవలసిన మాటే. దొమ్మ రోగాన్ని కలిగించే ఆంత్రాక్స్ బాక్టీరియా సిద్ధబీజాలుగా మారి బతుకుతుందని రాబర్ట్ కాక్ 1876లోనే చూపించాడు. అవి నేలలో దశాబ్దాల పాటు బతికి ఉండగలవు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు మట్టి పైపొరను దాటి లోపలికి పోవు కనుక, పాతిన చోట లోతున ఉన్న బీజాలకు వాటి బాధ లేదు. దున్నినప్పుడో వాన కోతకో పైకి తేలిన బీజాలకు మాత్రం మీ ప్రశ్న వర్తిస్తుంది. వాటి డీఎన్‌ఏ దెబ్బతింటుంది, నిద్రలో ఉన్నంతకాలం ఆ దెబ్బ మానదు కూడా. అయితే దానిని మాన్పే ఎంజైములు నిద్రకు ముందే తయారై బీజంలో సిద్ధంగా ఉంటాయి. వలసకు బయలుదేరేవాళ్లు ఇంటి దగ్గరే సద్ది మూట కట్టుకున్నట్టు, ఈ ఏర్పాటంతా ముందుగానే జరిగిపోతుంది.

ఈ విషయంలో మనకు తెలిసినదంతా ఎక్కువగా బాసిల్లస్ సబ్టిలిస్ అనే, రోగకారకం కాని బాక్టీరియా నుంచి వచ్చినదే. ఆహారం కరువైనప్పుడు ఆ కణంలో స్పో-జీరో-ఏ అనే ప్రోటీనుకు ఫాస్ఫేట్ చేరి, సిద్ధబీజ నిర్మాణానికి కావలసిన జన్యువులను మేల్కొలుపుతుంది. ఈ దశలోనే డిస్-ఏ అనే మరొక ప్రోటీను క్రోమోజోము వెంట తిరుగుతూ పరిశీలిస్తుంది, ఎక్కడైనా డీఎన్‌ఏ దెబ్బతిని కనిపిస్తే బీజ నిర్మాణం ఆలస్యమవుతుంది. చెడిన ప్రతిని దాచుకుని ప్రయోజనం లేదు కదా. అంతా బాగుంటే కణం మధ్యకు కాక ఒక కొసకు దగ్గరగా చీలి, సిద్ధబీజంగా మారబోయే చిన్నదైన పూర్వబీజం, పెద్దదైన తల్లికణం ఏర్పడతాయి.

రెండింటిలో ఉన్నది ఒకే జన్యుపటమైనా, చదివే జన్యువులు వేరు. ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ అనే ఎంజైము ఏ జన్యువును చదవాలో నిర్ణయించే సిగ్మా కారకాలు రెండు గదుల్లోనూ వేర్వేరుగా ఉండడమే ఇందుకు కారణం: పూర్వబీజంలో మొదట సిగ్మా-ఎఫ్, తరువాత సిగ్మా-జి; తల్లికణంలో సిగ్మా-ఇ, ఆపై సిగ్మా-కె. మీ ప్రశ్నకు జవాబు సిగ్మా-జి దగ్గర ఉంది. తల్లికణం పూర్వబీజాన్ని పూర్తిగా తనలోకి మింగిన తరువాత ఇది పని ప్రారంభించి, రెండు రకాల సరంజామాను తయారుచేయిస్తుంది.

మొదటిది, ఆమ్లంలో కరిగే చిన్న ప్రోటీన్లు. అమెరికా శాస్త్రవేత్త పీటర్ సెట్లో వీటిని విస్తారంగా అధ్యయనం చేశాడు. ఇవి డీఎన్‌ఏను అంటిపెట్టుకుని దాని ఆకృతినే కొంత మార్చివేస్తాయి. దానివల్ల అతినీలలోహిత కిరణాలు తగిలినప్పుడు, మామూలు కణాలలో ఏర్పడే థైమీన్ (డీఎన్‌ఏలోని నాలుగు క్షారాలలో ఒకటి) జంటలకు బదులుగా ‘స్పోర్ ఫోటోప్రొడక్ట్’ అనే మరొక రకం థైమీన్ జంట ఏర్పడుతుంది. దెబ్బ తప్పదు గాని, తేలికగా సరిచేయగల దెబ్బగా మారుతుంది.

దానిని సరిచేసేది రెండవ సరంజామాలోని స్పోర్ ఫోటోప్రొడక్ట్ లయేజ్ అనే ఎంజైము. దెబ్బతిన్న భాగాన్ని కత్తిరించి పారేయకుండా, ఇనుము–గంధకాల గుచ్ఛం, ఎస్-అడెనోసిల్ మెథియోనిన్ అనే సహాయక అణువు సాయంతో ఆ జంటను విడదీసి రెండు థైమీన్లనూ యథాస్థితికి తెస్తుంది. మామూలు థైమీన్ జంటలను విడదీసే, చాలా జీవులలో ఉండే ఫోటోలయేజ్ ఎంజైముకు వెలుతురు కావాలి, దీనికి అక్కరలేదు. మట్టిలోని చీకట్లో మొలకెత్తే బీజానికి ఇంతకంటే తగినది లేదు. బీజం నీటిని పీల్చుకుని మేల్కొన్న తొలి నిమిషాల్లోనే, కొత్త డీఎన్‌ఏ తయారుకాకముందే, ఇది పనిచేస్తుంది. అప్పటిదాకా దీనిని కదలనివ్వనిది బీజగర్భంలోని నీటి కొరత, అక్కడ పేరుకున్న కాల్షియం డైపికోలినేట్ అనే లవణం.

పరీక్షల్లో సాధారణంగా అడగని సంగతి మరొకటి ఉంది. ఎండిన నేల వేడికి డీఎన్‌ఏ గొలుసు రెండు పోగులూ తెగిపోతే, చూసి సరిచేసుకోవడానికి మరొక ప్రతి ఉండదు, ఎందుకంటే సిద్ధబీజంలో క్రోమోజోము ఒక్కటే. అందుకే తెగిన కొసలను నేరుగా కలిపి అతికే ‘కు’ (Ku), ‘లిగ్-డి’ (LigD) అనే ప్రోటీన్లు కూడా సిగ్మా-జి ఆజ్ఞ మీదనే బీజంలోకి చేరతాయి.

మీ మంద విషయంలో గుర్తుంచుకోవలసినది, ఆంత్రాక్స్ బాక్టీరియా సిద్ధబీజంగా మారడానికి గాలి కావాలి. అనుమానమున్న కళేబరాన్ని కోయకుండా ఉంచితే లోపలి బాక్టీరియా కుళ్లుతోపాటే చాలావరకు నశిస్తుంది, కోస్తే కారిన నెత్తురులో గంటల వ్యవధిలో బీజాలు తయారవుతాయి. తోలు కోసమో మాంసం కోసమో కత్తి పెట్టకుండా, వెంటనే పశువైద్యుడికి కబురు చేయండి.